విడిపోయిన జంట స్టాంపు

ఆ ఉదయం డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన పెద్దమనిషి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. చంకలో స్టాంపుల ఆల్బమ్, చేతిలో వాటిని పట్టే చిన్న పట్టుకారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆకాశాన్ని పరిశీలించే వేధశాలలో దూరదర్శినుల్ని కంటికి రెప్పలా చూసుకుని రిటైరైన ఇంజనీరాయన.

డిటెక్టివ్‌ని ఊరంతా నిదానంగారనే పిలుస్తుంది. ఇల్లు తగలబడుతోందన్నా ముందు కళ్ళజోడు తుడుచుకునే రకం. ఆయన దగ్గినా అందులో ఏదో మర్మముందని నమ్మే మనిషి ఆయన సహాయకురాలు. ఆవిడ అప్పటికే పెన్ను తీసి సిద్ధంగా ఉంది.

ఇంజనీరు చెప్పింది ఇదీ. వేధశాలకీ సంగీత కళాశాలకీ ఒకే ఏడాది వందేళ్ళు నిండితే, తపాలా శాఖ రెండింటికీ కలిపి జంట స్టాంపు వేసింది. ఎడమ సగంలో వేధశాల, కుడి సగంలో కళాశాల. ఆయన భార్య ఆ కళాశాలలోనే పాట నేర్పేది. రేపు స్టాంపుల ప్రదర్శన. ఈ ఉదయం చూస్తే కుడి సగం మాయం. నిన్న సాయంత్రం ఆల్బమ్ తిరగేసిన బయటివాడు ఒక్కడే, స్టాంపుల దుకాణం నడిపే బావమరిది.

"సాయంత్రం పోలీసుల దగ్గరికి వెళ్తాను. మా ఆవిడకింకా చెప్పలేదు. తమ్ముడంటే ఆవిడకి ప్రాణం. ఈ మాట వింటే జన్మలో నా మొహం చూడదు" అన్నాడు.

దుకాణంవాడే దొంగని సహాయకురాలు మనసులో శిక్ష కూడా వేసేసింది. నిదానంగారు మాత్రం భూతద్దంతో మిగిలిన సగాన్ని తీరిగ్గా చూశాడు. అంచున పళ్ళు ఒక్కటీ చిరగలేదు. ఎవరో చిల్లుల వరసన అటూ ఇటూ మడిచి, ఓపిగ్గా విడదీశారు. స్టాంపులవాళ్ళ పద్ధతి అది.

"మీ ప్రదర్శనకి పేరేమిటి?"

"శాస్త్ర సంస్థలకు వందేళ్ళు."

"మరి అందులో సంగీత కళాశాలకేం పని?"

ఇంజనీరు నీళ్ళు నమిలాడు. విషయానికి సంబంధం లేనిది కనబడితే న్యాయనిర్ణేతలు మార్కులు కోస్తారట. అందుకని నిన్న ఉదయం కళాశాల సగాన్ని వెనక్కి మడిచి, వేధశాల ఒక్కటే కనబడేలా అమర్చాడట. అప్పుడు పక్కన ఎవరున్నారని అడిగితే, పట్టుకారు అందించడానికి భార్య ఉందన్నాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆ పని ఆవిడదేనట.

మధ్యాహ్నం నిదానంగారు అందర్నీ ఇంజనీరుగారి హాల్లో కూర్చోబెట్టాడు. ముందు బావమరిదిని అడిగాడు. విడదీసిన సగం ఊరికే ఇస్తానన్నా తన దుకాణంలో ఎవరూ తీసుకోరనీ, జంటగా ఉంటేనే దానికి విలువనీ అతను చెప్పాడు. తను చూసేసరికే ఎడమ సగం ఒక్కటే కనిపించిందట. రెండోది వెనక్కి మడిచి ఉంటుందనుకున్నాడట, బావగారి సంగతి తెలుసు కనుక.

"దొంగైతే రెండు సగాలూ తీసుకుపోయేవాడు. పైగా స్టాంపుల వ్యాపారి జంటని విడదీయడం కలలో మాట. ఇది విలువ కోసం చేసిన పని కాదు, ఆ ఒక్క సగమే కావలసినవాళ్ళు చేసిన పని. అది వెనక ఉందని తెలిసినవాళ్ళు, మడిచి విడదీయడం ఏళ్ళ తరబడి పక్కనుండి చూసినవాళ్ళు" అన్నాడు నిదానంగారు. తర్వాత మెల్లగా ఇంజనీరుగారి భార్య వైపు తిరిగాడు. "అమ్మా, మీ తమ్ముడి మీద పోలీసు కేసు పెట్టబోతున్నారు."

ఆవిడ ఉలిక్కిపడింది. భర్త వంక చూసింది, తమ్ముడి వంక చూసింది. లోపలికి వెళ్ళి పాటల పుస్తకం తెచ్చి, మధ్యలోంచి స్టాంపు సగాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

"వాడి జోలికి వెళ్ళకండి. నేనే తీశాను. నా కళాశాలని వెనక్కి మడిచి దాచేశారు. అదీ నా చేతిలోంచే పట్టుకారు అందుకుని. కడుపు మండింది."

ఇంజనీరు లేచి, బావమరిది చెయ్యి పట్టుకుని తప్పయిందయ్యా అన్నాడు. పోలీసుల్ని వెంటబెట్టుకు రాలేదు, అదే పదివేలు బావగారూ అని అతను నవ్వేశాడు. సహాయకురాలు తను వేసిన శిక్షని గుట్టుచప్పుడు కాకుండా రద్దు చేసుకుంది.

అప్పుడు ఇంజనీరు భూతద్దం తీసుకుని భార్య స్టాంపు మీదికి వంగాడు. ఇన్నేళ్ళూ దాన్ని ఆయన సరిగ్గా చూడనే లేదు.

"ఇందులో నీ క్లాసేది?"

"మేడ మీద చివరి కిటికీ. అక్కణ్ణించి మీ వేధశాల గుమ్మటం కనబడేది. సాయంత్రం అక్కడ దీపం వెలిగితే, మీరు డ్యూటీకి వచ్చారని తెలిసేది. కాసేపు పాఠం ఆపేసేదాన్ని."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరు అడిగితేగా."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ప్రదర్శన పేరు రాసిన అట్టని తీసి పక్కన పడేశాడు. మార్కులు పోతే పోనీ అని, రెండు సగాల్నీ పక్కపక్కన పెట్టి, కింద 'మా ఇద్దరి కొలువులు' అని కొత్తగా రాశాడు. నిదానంగారు సహాయకురాలికి సైగ చేసి, చప్పుడు చెయ్యకుండా లేచాడు.

వాళ్ళు గడప దాటుతుండగా వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఇన్నాళ్ళూ మీదే ముందుంది. ఇప్పుడు నాది ఎడమ పక్కన పెట్టండి."

ఆయన వెంటనే పట్టుకారు అందుకున్నాడు.