కుడిచేతి వాంగ్మూలం

గ్లవ్ మీద పచ్చలైటు వెలిగింది. టీ కప్పు మాత్రం నేల మీద పగిలి ఉంది.

"వందకి వంద. రేపు డిశ్చార్జి," అన్నాడు డాక్టర్ ఫణీంద్ర. 'హస్తసాక్షి' గ్లవ్‌ని కనిపెట్టింది ఆయనే.

నీలవేణి పెంకులు ఏరుతూ తలెత్తింది. విజయనగరం ఆస్పత్రిలో ఆమె ఆక్యుపేషనల్ థెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్లకి బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, టీ కాచుకోవడం మళ్లీ నేర్పుతుంది. అందులో కష్టమంతా, వాళ్లు తంటాలు పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టకుండా నిలబడటంలోనే ఉంది.

గ్లవ్ తొడుక్కున్న పేషెంట్ పైడిరాజు రిటైరైన గుమస్తా, పక్షవాతం కుడిచేతికి వచ్చింది. బొబ్బిలిలో మరదలికి కంటి ఆపరేషన్. ఆయన తన పని తాను చేసుకోగలిగితేనే భార్య సూరీడమ్మ చెల్లెలి దగ్గరికి వెళ్లగలదు.

"కప్పు పగిలితే వందకి వంద ఎలాగండీ?" అంది నీలవేణి.

"చెయ్యి నేర్చిన ప్రతి పనీ మెదడులో ఒక జాడ వదులుతుంది. గ్లవ్ ఆ జాడ చదివి, జబ్బుకి ముందెంత వచ్చో, ఇప్పుడెంత వచ్చో పోలుస్తుంది. తేడా ఉంటేనే ట్రీట్‌మెంట్. టీ కాచడంలో ఈయనకి తేడా లేదు. ముందూ సున్నాయే."

"ఆ ముక్క నన్నడిగితే గ్లవ్ లేకుండానే చెప్పేదాన్ని," అంది సూరీడమ్మ.

పైడిరాజు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

కూర తరగడం, పక్క దులపడం, గిన్నె తోమడం, అన్నింటికీ పచ్చలైటే. పేక కలపడం దగ్గర మాత్రం ఎర్రలైటు వెలిగింది. ముందు తొంభై ఎనిమిది, ఇప్పుడు పన్నెండు. రోజూ రెండు గంటలు పేకాడాలని గ్లవ్ ట్రీట్‌మెంట్ రాసింది.

"మిషను చెప్పాక కాదంటామేటి," అన్నాడు పైడిరాజు వినయంగా. "ఇంటికెళ్లాక మనోళ్లకి కబురెడదాం."

"వాళ్లందరికీ టీలు ఎవరు కాస్తారు?" అంది సూరీడమ్మ.

నీలవేణి ఆ మాట పట్టుకుంది. "గ్లవ్ ఈవిడకి తొడగండి సార్. ఈవిడ చేతికి ఎంత వచ్చో, ఈయన అంతదాకా రావాలని పెట్టండి."

సైన్సు పరంగా ఫణీంద్రకి అభ్యంతరం కనపడలేదు. సూరీడమ్మ చేతికి తొడిగి కొలత తీసుకుని, మళ్లీ పైడిరాజుకి తొడిగేసరికి గ్లవ్ అంతా ఎరుపెక్కింది.

"ఎన్నాళ్లు పడుతుంది?" అంది సూరీడమ్మ.

"రోజూ సాధన చేస్తే మూడేళ్లు. డిశ్చార్జి ఇప్పట్లో కుదరదు."

సూరీడమ్మ సంచీ భుజాన వేసుకుంది. "తొందరేం లేదు బాబూ. బొబ్బిల్లో ఉంటాను."

ఆమె వెళ్లాక ఫణీంద్ర నుదురు రుద్దుకున్నాడు. "తల పగిలిపోతోంది. కాస్త టీ దొరుకుతుందా?"

నీలవేణి గ్లవ్‌నీ పాలగిన్నెనీ ఆయన ముందు పెట్టి, గ్లవ్ కొలతని మళ్లీ పాతదానికి మార్చి, చేతులు కట్టుకుని నిలబడింది.

ఫణీంద్ర గ్లవ్ తొడుక్కున్నాడు. వెంటనే పచ్చలైటు వెలిగింది.

"మీకూ వందకి వందే బాబూ," అన్నాడు పైడిరాజు.