ఆరో నంబర్ ట్రాప్

“గేట్లు మూయించడానికి కోడ్ వర్డ్ ఒక్కటే, ‘దేవదారు’. రుజువు లేకుండా వాడొద్దండి,” అంది చీఫ్ ప్రసన్నకుమారి.

తిరుపతి ప్లాంట్ క్వారంటైన్ ఆఫీసులో బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. శ్రీకాళహస్తి రోడ్డులోని కంటైనర్ యార్డుకు నలభై లోడ్ల పైన్ దుంగలు విదేశాల నుంచి వచ్చాయి. వాటి బెరడు కింద చెట్లను తొలిచే పురుగులను ఒక ముఠా కావాలనే పంపుతోందని అనుమానం. దుంగలు అరకు చేరితే అక్కడి పైన్ చెట్లు నిలువునా ఎండిపోతాయి. యార్డులో ఆరు ట్రాప్‌లు కట్టాలి. ఐదింటిలో ఎర మందు, ఆరోది పోల్చి చూడటానికి ఖాళీ. శుక్రవారం సాయంత్రం ఐదింటిదాకా పురుగు పడకపోతే క్లియరెన్స్ ఇచ్చి లారీలను వదిలేయాలి.

ఎర ఉన్న ఐదూ ఏజెంట్ ఇద్రీస్‌కు. ఖాళీది ఏజెంట్ గిరిప్రసాద్‌కు.

గిరికి కడుపు మండింది. ఇద్దరూ హమాలీల వేషంలో యార్డులో దిగారు. యార్డులో సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంట్, డిపార్ట్‌మెంట్‌కు రహస్య సమాచారమిచ్చే ధరణి, నల్ల కళ్లద్దాలు తలమీదికి నెట్టుకుని, రోజూ ఇద్రీస్ దగ్గరే ఆగి నవ్వేది. గిరిని చూసేదే కాదు.

“ఏమప్పా గిరీ, నీ ట్రాపులో దోమన్నా పడిందా?” అన్నాడు ఇద్రీస్.

“నవ్వుకో అబ్బా. ఎర పెట్టి పట్టేది ఎవురికైనా వస్తాది.”

బుధవారం గిరి చేయకూడని పని చేశాడు. పెయింట్ షాపులో టర్పెంటైన్ కొని, దూది తడిపి, ఆరో ట్రాప్‌లో దాచాడు. అది పైన్ జిగురు నుంచి తీసేదేనని, ఆ వాసనకు ఈ పురుగులు వస్తాయని చదివాడు. ఒక్క పురుగు పడితే చాలు, ఇద్రీస్ మొహం చూడాలి.

శుక్రవారం, నాలుగూ యాభై. ఐదు ట్రాప్‌లూ ఖాళీ. ఆరోదాని కప్పులో ఏడు పురుగులు.

“ఏదో గాలికొచ్చి పడినాయి. ఎర ట్రాపులే కదా లెక్క,” అంది ధరణి వాచీ చూసుకుంటూ. లారీలు స్టార్టయ్యాయి.

నోరు విప్పితే గిరి ఉద్యోగం పోతుంది. వాళ్ల ఇంట్లో మొదటి ఉద్యోగం అది. విప్పకపోతే లారీలు పోతాయి. గిరి చొక్కా గుండీలోని మైకు నొక్కాడు.

“మేడం, ఆరోది ఖాళీది కాదు. ఇద్రీస్ మీద కుళ్లుతో నేనే టర్పెంటైన్ పెట్టినాను. నా దూదికే ఏడు పడినాయి. అసలు మందుకు ఒకటీ పడలేదు.”

ఇద్రీస్ ఒక ఎర ప్యాకెట్ చింపి వాసన చూశాడు. ఒట్టి నీళ్లు.

“ఎర ఉండే ఐదింటిలోనే మందు మార్చినారు, నాది ముట్టలేదు. ఏది ఖాళీదో ఎవురికి చెప్పినావప్పా?” అడిగాడు గిరి.

ఇద్రీస్ తల దించుకున్నాడు. “ధరణికి. ఐదూ నావే, ఒక్క ఖాళీది గిరిదని గొప్పలు పోయినాను.”

ధరణి అప్పటికే కారు వైపు నడుస్తోంది.

“దేవదారు,” అన్నాడు గిరి మైకులో. గేటు దిగేసరికి మొదటి లారీ బంపర్‌కూ దానికీ మధ్య జానెడు దూరం. ధరణి కారు ఇంకా ఆ లారీ వెనకే ఉంది.

సోమవారం గిరికి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. ట్రయల్ చెడగొట్టినందుకు మెమో, ముఠాను పట్టించినందుకు ప్రశంసాపత్రం. ఇద్రీస్ కవరులో ట్రాప్‌ల గుట్టు చెప్పినందుకు మెమో ఒక్కటే ఉంది.

ఇద్రీస్ గిరి చేతిలోని ఆ రెండో కాగితం వైపు చూసి, చీఫ్ గదిలోకి వెళ్లాడు.

“మేడం, వచ్చే ట్రయల్‌లో ఖాళీ ట్రాపు నాకియ్యండి.”