ఎనిమిది వేల నాలుగొందలు

నాకు ఉమ్మంటే అసహ్యం. చిన్నప్పటి నుంచీ అంతే. గోళ్ళ నిండా గ్రీజు ఇరుక్కున్నా, మోచేతుల దాకా ఆయిల్ కారినా నాకేం కాదు. అది పని మురికి, సబ్బు పెడితే పోతుంది. మనిషి నోట్లోంచి వచ్చింది మాత్రం కంటితో చూడలేను, అన్నం సహించదు. పాత కార్లకి వైరింగ్ చేసే ఆడదాన్ని, అయినా రోజూ ఉతికిన తెల్ల మేజోళ్ళే వేసుకుంటాను. మా తమ్ముడు వెర్లిన్ నన్ను 'నర్సమ్మా' అని వెక్కిరిస్తాడు. వెక్కిరించుకోనీ.

ఆగస్టులో ఒక గురువారం, మధ్యాహ్నం భోజనాలవేళ. ఒహాయోలో మా ఊరి బయట మొక్కజొన్న చేలు నా షెడ్డు గోడని రాసుకుంటూ ఉంటాయి. గాలి లేదు, రేకుల కప్పు చిటపటమంటోంది. షెడ్డులో మా నాన్న వదిలివెళ్ళిన అరవై తొమ్మిది మోడల్ చెవెల్ కారు ఉంది. వెర్లిన్ రెండేళ్ళు కష్టపడి దానికి పెద్ద ఇంజిను ఎక్కించాడు. శనివారం పావుమైలు కార్ల పందెం. ఇక మిగిలిందల్లా టాక్ బిగించడమే. టాక్ అంటే ఇంజిను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటరు. అది లేకుండా పందెంలోకి దిగితే గేరు ఎప్పుడు మార్చాలో తెలీదు. ఆలస్యమైతే ఇంజిను పేలుతుంది.

"కొత్తది తెప్పిద్దామా?" అన్నాను. "బానెట్ మీద పెట్టేది వద్దురా. చూడ్డానికి బాగుంటుంది గానీ వానకి నీళ్ళు దూరతాయి. డాష్‌బోర్డుకి మాత్రం నేను చిల్లు పెట్టను, చెప్తున్నా. యాభై ఏళ్ళుగా ఒక్క పగులు లేదు దానికి."

"స్టీరింగ్ కాలమ్‌కే, ఆ గొట్టానికే కట్టెయ్ అక్కా, పట్టీ వేసి. టాక్ నేను తెచ్చాను," అని ఒక జిడ్డుగుడ్డ మూట బల్ల మీద పెట్టాడు.

విప్పగానే గుర్తుపట్టాను. అయిదంగుళాల నల్ల మొహం, తెల్ల ముల్లు. దానితోపాటు ఇంకొక సన్న ఎర్ర ముల్లు. తెల్ల ముల్లు ఎంతవరకు వెళ్తే ఎర్రది అంతవరకు వెళ్ళి అక్కడే నిలబడిపోతుంది. ఇంజినుని ఎంత దాకా తొక్కావో అదే సాక్ష్యం. పక్కనున్న మీట నొక్కితే తప్ప సున్నాకి రాదు. ఇలాంటివి ఇప్పుడు దొరకవు. మా వైపు ఒక్క మనిషికే ఉండేది.

"ఇది హార్లన్‌ది," అన్నాను.

వాడు పట్టీ కోసం వెతుకుతున్నట్టు సొరుగు లాగాడు.

హార్లన్ టట్ పోయిన సెప్టెంబరులో ఇలాంటి పావుమైలు పందెంలోనే చనిపోయాడు. ఎనిమిది వేల నాలుగొందల చుట్ల దగ్గర ఇంజిను వెనకుండే బరువు చక్రం ముక్కలై, నేల రేకుని చీల్చుకుని పైకొచ్చింది. రెండు కాళ్ళూ పిక్కల మధ్యలో తెగిపోయాయి. అంబులెన్సు వచ్చేలోగా... వద్దులెండి. నేను అక్కడే ఉన్నాను.

మా వాళ్ళలో ఒక పద్ధతుంది. పందెంలో పోయినవాడి టాక్‌ని ఎర్ర ముల్లు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంచి పెళ్ళాం చేతికిస్తారు. ఎవరూ మీట నొక్కరు. ఆ అంకె వాడిది. కారు తునకలు కొన్న పాత సామాన్లవాడు హార్లన్ పెళ్ళాం ఆర్లీటా వదిన వచ్చి అడిగితే, దొరకలేదమ్మా అని మొహం మీదే అబద్ధం చెప్పాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"ముండమోపి సొత్తురా అది! సిగ్గులేదూ?"

"నేను దొంగిలించలేదుగా, కొన్నాను. హార్లన్ దీంతోనే పదకొండేళ్ళు గెలిచాడు అక్కా. ఒక్కసారన్నా నేను వాణ్ణి ఓడించగలిగానా?"

నా కళ్ళు మీటరు మీదికి పోయాయి. ఎర్ర ముల్లు సున్నా మీద ఉంది.

"వెర్లిన్... ఇది ఎనిమిది వేల నాలుగొందల మీద ఉండాలి కదరా."

"నొక్కేశాను. లేకపోతే నా అంకె ఎలా తెలుస్తుంది?"

ఛీ! తోడబుట్టిన తమ్ముణ్ణి చూసి అంత రోత ఎప్పుడూ పుట్టలేదు. అయినా బిగించాను. ఎందుకంటే వాడు మొండిఘటం. నేను కాదంటే తనే అడ్డదిడ్డంగా వైర్లు కలిపి కారు తగలబెడతాడు. కాలమ్‌కి పట్టీ వేశాను. వాడి ఇంజిను ఆరువేల రెండొందలకి గేరు మార్చాలి కాబట్టి, ఆ అంకె సరిగ్గా పైన నిటారుగా వచ్చేలా మీటరుని తిప్పి కట్టాను. అలా ఉంటే అంకెలు చదవక్కర్లేదు, ముల్లు నిలబడగానే గేరు మార్చెయ్యడమే. పని అయ్యేసరికి వేళ్ళు అంటుకుపోతున్నాయి. స్పిరిటుతో తుడిచాను. గుడ్డకి గోధుమరంగు అంటింది. ఎంత తుడిచినా అంటుతూనే ఉంది.

వాసన చూసి గుడ్డ విసిరేశాను. కాళ్ళనొప్పులకి రాసే మందు లాంటి వాసన, దాని కింద తీపి కుళ్ళు. హార్లన్ నమిలే పొగాకు అది. ఇరవై నాలుగ్గంటలూ బుగ్గ ఉబ్బి ఉండేది. కాగితం కప్పు ఒకటి తొడల మధ్య పెట్టుకుని అందులో ఉమ్మేవాడు, మాట్లాడుతూ మాట్లాడుతూనే.

బ్యాటరీ తీగ ఇంకా కలపలేదు. కారు తాళంచెవి నా జేబులో ఉంది. షెడ్డుకి తాళం వేసి ఇంట్లోకి పోయాను.

శుక్రవారం పొద్దున కాఫీ తాగి వచ్చి చూస్తే ఎర్ర ముల్లు మూడువేల మీద ఉంది. తెల్లది సున్నా మీదే ఉంది. బ్యాటరీ తీగ నేను వదిలినచోటే వేలాడుతోంది. వెర్లిన్ వేలు పెట్టి ఉంటాడు అనుకున్నాను. ఫోన్ చేసి తిట్టాను. రాత్రంతా మిల్లులో డ్యూటీలో ఉన్నానన్నాడు.

పదకొండింటికి ఎర్ర ముల్లు నాలుగువేల తొమ్మిదొందల మీదుంది. ఒంటిగంటకి ఆరువేలు దాటింది. నేను కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాను. కదలదు. తల తిప్పి చూసేసరికి కదిలి ఉంటుంది. అద్దం లోపల అడుగున ఏదో చేరుతోంది. చిక్కగా, గోధుమరంగుగా, మధ్యలో నమిలిన ఆకు పీచులతో. బయటికి పరిగెత్తి, తిన్న రొట్టె ముక్కంతా మొక్కజొన్న చేలో కక్కేశాను.

నాలుగింటికి వెర్లిన్ వచ్చాడు. చూపించాను. "ఉక్కకి చెమ్మ పట్టి ఉంటుందిలే," అన్నాడు, కానీ కారు దగ్గరికి రాలేదు.

"ఇది ఎక్కడికి పోతోందో తెలీట్లేదా నీకు? దానికి దాని అంకె కావాల్రా. నువ్వు చెరిపేశావు. రేపు నువ్వు సీట్లో ఉండగా ఇది ఎనిమిది వేల నాలుగొందలకి చేరితే... నీ కాళ్ళు ఎక్కడుంటాయి అప్పుడు?"

"ఊరుకో అక్కా, రేపు పందెం పెట్టుకుని..."

"నీ కాళ్ళు ఎక్కడుంటాయని అడుగుతున్నా!"

వాడు తన బూట్ల వైపు చూసుకున్నాడు. నేను కత్తెర తీసి తీగలు కత్తిరించి, పట్టీ ఊడదీసి, దాన్ని డబ్బాలో పడేసి, సరాసరి ఆర్లీటా వదిన ఇంటికి బండి తోలాను.

ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. డబ్బా చూడగానే చేతులు ఆగిపోయాయి.

"వదినా, నీ సొత్తు. మావాడిది బుద్ధి తక్కువ. క్షమించు."

ఆవిడ దాన్ని తాకలేదు. మెడ సాచి అద్దంలోకి చూసింది. "ఎంతమీద ఉంది?"

"ఎనిమిదివేల ఒక వంద."

"ఎవరో నొక్కారన్నమాట."

"అవును."

ఆవిడ మళ్ళీ ఒక చిక్కుడుకాయ తీసుకుని ఒలిచింది. "అయితే ఇంకా నావాడిది కాదిది. మూడొందలు తక్కువుంది. నా ఇంట్లో పెట్టకు నోరీన్. ఆ మూడొందలూ ఎక్కడో ఒకచోట తిరగాలిగా. నా వంటింట్లో తిరగనివ్వను."

"మరేం చెయ్యను?"

"నీకు తెలిసిన పని ఉందిగా. చెయ్యి. నిండాక తీసుకురా, తీసుకుంటాను." లేచి లోపలికి పోయి గడియ పెట్టేసుకుంది.

దారంతా తిట్టుకుంటూ వచ్చాను. వెర్లిన్‌ని, ఆ సామాన్లవాణ్ణి, చచ్చీ ఉమ్మడం మానని ఆ హార్లన్‌ని. షెడ్డు ముందు బండి ఆపేసరికి ఆవిడ అన్నదేమిటో తట్టింది. టాక్‌లు సరిచూడ్డానికి నా దగ్గర చిన్న పెట్టె ఒకటుంది. దాని మీట తిప్పితే ఇంజిను లేకుండానే ముల్లు నడుస్తుంది. కారు లేదు, సీటు లేదు, చక్రం లేదు. ఒట్టి బల్ల. బల్ల మీద తిరిగితే ఎవరి కాళ్ళు పోతాయి? నా తెలివికి నాకే నవ్వొచ్చింది.

ఇంకా ఎండ ఉంది. తలుపులు బార్లా తీసి పెట్టుకుని మొదలుపెట్టాను. తీగలు కలిపాను. మీట తిప్పాను. తెల్ల ముల్లు లేచింది. రెండువేలు. అయిదువేలు. ఎనిమిదివేల ఒక వంద దగ్గర వెళ్ళి ఎర్రదాన్ని తాకింది.

అక్కడ గట్టిగా ఉంది. నెట్టాల్సి వచ్చింది.

ఎనిమిదివేల రెండొందలు. ఆ వాసన వచ్చింది... మందు వాసన, కుళ్ళు తీపి. నోట్లో నీళ్ళూరాయి. మింగడానికి రోతగా ఉంది.

నా పెట్టెకి శబ్దం ఉండదు. గోడకి తగిలించిన పానాలు మాత్రం గలగలమంటున్నాయి.

ఎనిమిదివేల మూడొందలు... అద్దంలోపలి గోధుమ నీళ్ళు పైకి లేస్తున్నాయి. అంకెలు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. ఒక బుడగ వచ్చి అద్దానికి ఆనుకుని చిట్లింది. ఉమ్మినప్పుడు వచ్చే చప్పుడు...

బల్ల కింద. నా మోకాళ్ళ దగ్గర. ఎవరో ఊపిరి పీల్చారు.

"ఇంకాస్త..."

వంగి చూడలేదు. చూడను. చూస్తే మీట వదిలేస్తాను.

"ఇంకాస్త తొక్కు..."

నోటినిండా ఏదో పెట్టుకుని మాట్లాడే గొంతు. నాకు తెలిసిన గొంతే.

కళ్ళు మూసుకుని తిప్పేశాను.

టక్.

పానాలు ఆగిపోయాయి. కళ్ళు తెరిచి చూస్తే అద్దం శుభ్రంగా ఉంది, పొడిగా ఉంది. తెల్ల ముల్లు సున్నాకి పడిపోయింది. ఎర్రది ఎనిమిదివేల నాలుగొందల మీద నిలబడి ఉంది. పిక్కల మీద చల్లగా, అడ్డంగా గాలి తగిలింది, రెండు కాళ్ళకీ ఒకేసారి. తలుపులు తీసే ఉన్నాయిగా అనుకున్నాను.

ఆర్లీటా వదిన ఈసారి డబ్బా మూతతీసి చూసి, పాతగుడ్డలో చుట్టి తీసుకుంది. వాకిట్లో నిలబడి నా మొహంకేసి కాదు, నా కాళ్ళకేసి చూసింది. "జాగ్రత్తగా వెళ్ళు," అంది.

శనివారం పొద్దున్నే పట్నంలో కొత్త టాక్ తెచ్చి బిగించాను. ఆరువేల రెండొందలు నిటారుగా పైన. వెర్లిన్ సరిగ్గా అక్కడే గేరు మార్చాడు, రెండో రౌండులో ఓడిపోయాడు, గేటు దగ్గర అందరితోనూ పోట్లాడాడు. నేను మాత్రం వాడు కారు దిగి నా వైపు నడిచి వస్తుంటే ఆ నడకే చూస్తూ ఏడ్చేశాను. "ఓడిపోయింది నేనయితే నువ్వేడుస్తావేంటే?" అన్నాడు వెధవ.

ఆదివారం మధ్యాహ్నం వేయించిన కోడి బకెట్టు పట్టుకుని షెడ్డుకొచ్చాడు. క్షమాపణ అనే మాట వాడి నోట రాదు, ఇలా కోడి రూపంలో వస్తుంది. బల్ల ఎక్కి కూర్చుని, కాళ్ళు ఆడిస్తూ ఒక తొడముక్క కొరికి, కింద నేల వైపు చూసి మొహం చిట్లించాడు.

"ఛీ... ఎవరక్కా ఇక్కడ ఉమ్మింది? నీ షెడ్డులోనే?"

సిమెంటు మీద గోధుమరంగు చుక్కలు. తలుపు దగ్గర మొదలై, నేను నిలబడ్డ చోటికి వచ్చి ఆగిపోయాయి. వెనక్కి వెళ్ళిన చుక్కలు లేవు. నా ప్యాంటు అంచు ఎత్తి చూసుకున్నాను. పొద్దున వేసుకున్న తెల్ల మేజోళ్ళు. రెండు పిక్కల మీదా, ఒకే ఎత్తులో, చుట్టూ తిరిగి ఒక తడి గీత. మందు వాసన కొట్టింది.

"నేనేరా. కాఫీ ఒలికింది," అన్నాను.

మేజోళ్ళు దించి చూస్తే చర్మం మామూలుగానే ఉంది. గాయం లేదు, గీత లేదు. మార్చుకున్నాను. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. డాక్టరు చూసి చెమట అన్నాడు. ఇప్పటికి నలభై జతలు పారేశాను. ఉతికినా పోదు, ముట్టుకోవాలంటే నాకే రోత. నా ఒంటి నుంచి వస్తున్నదాన్ని నేనే ముక్కు మూసుకుని తీసి పారేస్తున్నాను.

వెర్లిన్‌కి చెప్పలేదు. వాడు బాగున్నాడు. వారం వారం వస్తాడు, బల్లెక్కి కూర్చుని కాళ్ళు ఆడిస్తాడు, నర్సమ్మా అంటాడు.

మొదట్లో ఆ గీత గోధుమరంగులో ఉండేది. మొన్న సోమవారం నుంచి ఎర్రగా వస్తోంది.