ఒక్క స్టూలు

ఆదివారం మధ్యాహ్నాలు టైలర్ గారి షాపు వెనక గదిలో మా ఆట. బట్ట కత్తిరించే బల్ల మీద ఆయన సుద్దతో అడవి గీసి కథ నడుపుతారు. మేం తలా ఒక పాత్ర రాసుకుని, పాచికలు వేస్తూ అందులో తిరుగుతాం. నేను మోటార్ మెకానిక్‌ని. ఆ అడవిలో మాత్రం రేంజర్‌ని. విల్లు పట్టి అడవిని కాస్తాను.

ఆ వారం ఆయన చెల్లెలు కొత్తగా వచ్చింది. మొక్కల నర్సరీలో పని. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. ఖాళీగా ఉన్న ఒక్క స్టూలూ నాకన్నా ముందే ఆక్రమించింది.

"నేను డ్రూయిడ్‌ని. అడవిని కొలిచే మంత్రగత్తెని. జంతువులతో మాట్లాడతాను, ఆకులతో వైద్యం చేస్తాను."

"అవి నేనూ చేస్తాను," అన్నాను గోడకి ఆనుకుని.

"మీరు అడవిని కాస్తారు. నేను దాని మాట వింటాను. తేడా లేదూ?"

"వినకుండా ఎలా కాస్తామండీ?"

ఆమె నవ్వేసింది.

టైలర్ గారు సుద్ద పక్కన పడేశారు. "ఇదిగో మెకానిక్కూ, ఇద్దరి పనీ ఒకటే అయితే ఒకరు దండగ. ముందు నిలబడి దెబ్బలు తినడానికి మనకి కత్తివీరుడే లేడు. వచ్చే వారానికి ఒకరు మారండి, లేదా మానెయ్యండి. ఉన్నది ఒక్క స్టూలే."

వారమంతా ఏ మోటారు విప్పినా ఆ నవ్వే. మూడేళ్ళుగా పెంచుకున్న రేంజర్. అయినా, ఆమె మానేస్తే? శనివారం రబ్బరుతో చెరిపేసి, కత్తివీరుడని రాశాను.

ఆదివారం వాన. కాగితం చొక్కాలో దాచి తెచ్చి బల్ల మీద పెట్టాను. పక్కన ఆమె కాగితం. అక్కడా కత్తివీరుడే. కింద, చెరిపిన డ్రూయిడ్ మరక.

"మళ్ళీ ఒకటేనా!" టైలర్ గారు తల పట్టుకున్నారు. అందరూ గొల్లుమన్నారు.

"మీరెందుకు మార్చారు?" అంది మెల్లగా.

"మీరు రావడం మానేస్తారేమోనని. మీరో?"

"నాదీ అదే భయం."

నా కాగితం ఆమె వైపు జరిపాను. "ఆట లేకపోయినా కలవాలనుందండీ."

తల వంచుకుంది. "మా నర్సరీలో నీళ్ళ మోటారు చెడిపోయింది."

"ఎప్పుడు?"

"రేపు."

టైలర్ గారు తలెత్తకుండా సుద్ద అందుకున్నారు. "పాతవే మళ్ళీ రాసుకోండి. అడవి పెద్దదే. కత్తి నేను పడతాలే."

ఆ వారంలో నర్సరీ మోటారు మూడుసార్లు చెడింది.

మళ్ళీ ఆదివారం వెళ్ళేసరికి స్టూలు లేదు. దాని చోట, కస్టమర్లు కూర్చునే బెంచీ వేసి ఉంది. ఒక చివర ఆమె. నేను గోడ వైపు నడిచాను.

"అటెక్కడికి?" అన్నారు టైలర్ గారు, గీత గీస్తూనే. "కూర్చోండి, బావగారూ."