ఎర్రయ్యకి పూలు

బిలాస్‌పూర్ శివార్లలో లింగియాడీహ్ దాటి కాస్త దూరం పోతే ఒక చిన్న పల్లె. పల్లెకి ముందు పాత రైల్వే గేటు. పట్టాల కింద నుంచి దారి వేశాక ఆ గేటు మూసేశారు. అయినా చీకటి పడితే అక్కడ పచ్చదీపం ఊగుతుంది... గేటు కాసిన ఎర్రయ్య రెండేళ్ల కిందట పోయాడు. దీపం మాత్రం పోలేదు. అది చూసి ముగ్గురికి జ్వరం వచ్చిందని బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో చెప్పుకుంటారు. ఆ ముగ్గురూ ఎవరయ్యా అంటే ఒక్క పేరూ రాదు.

చిరంజీవికి ఆ మాట అడిగే ధైర్యం కూడా లేదు. పూలకొట్టు తరఫున ఇళ్లకి పూలు చేరవెయ్యడం అతని పని. పగలైతే పులి.

ఆ సాయంత్రం ఐదింటికి కొట్టు యజమాని జ్యోతిర్మయి ఫోన్లో వచ్చిన ఆర్డరు చదివింది. పంపింది రాంప్రసాద్ అనే రైలు డ్రైవరు, రాయగఢ్ నుంచి.

"ఈరోజే నా ఆఖరి డ్యూటీ. ఏడున్నరకి నా బండి పాత గేటు దాటుతుంది. అప్పటికి ఈ పూలు ఎర్రయ్య చేతిలో ఉండాలి. చూసుకుంటూ వెళ్లిపోతాను."

చిరంజీవి గుండె గుభేలుమంది. "అక్కా... ఆయన పోయి రెండేళ్లు!"

జ్యోతిర్మయి వెంటనే ఫోన్ చేసింది. స్విచాఫ్. ఇంజనెక్కిన డ్రైవరు ఫోన్ ఆపెయ్యాల్సిందే కదా. ఇంక అడగడానికీ లేదు, చెప్పడానికీ లేదు.

"ఆఖరి డ్యూటీ రా, పాపం. ఇంట్లో ఎవరో ఒకరుంటారు, ఇచ్చేసి రా. ఫోటో మర్చిపోకు, ఆయనకి పంపాలి."

ఏడుంబావుకి చిరంజీవి పల్లె దగ్గరకి చేరాడు. వాన నీళ్లతో కింది దారి నిండిపోయింది. ఇక మిగిలింది పాత గేటే. స్కూటీ ఆపి, పూలగుత్తిని గుండెలకి అదుముకుని, ఆంజనేయస్వామిని తలుచుకుంటూ నడిచాడు. దండకంలో రెండో పంక్తి ఎంతకీ గుర్తు రాలేదు.

అప్పుడు వెలిగింది... పచ్చగా.

దీపం వెనక ఖాకీ కోటు. కోటు మీద టోపీ. టోపీ కింద ముఖం లేదు — చీకటే.

"ఆగక్కడ..." గొంతు గుసగుసగా వచ్చింది. "బండొచ్చే ఏళయింది. ఎవులికా పూలు?"

"ఎర్... ఎర్రయ్యగారికి."

దీపం ఊగడం ఆగిపోయింది. తర్వాత టోపీ మెల్లగా పైకి లేచింది.

"ఆయన పోనాడు కదా బావూ. నాను అసిరమ్మని. ఆయన ఇంటిదాన్ని."

చిరంజీవి అక్కడే కూలబడ్డాడు. పంపిందెవరో, ఇది ఆయన ఆఖరి డ్యూటీ అనీ చెప్పాడు. అసిరమ్మ పూలు అందుకుని ముఖానికి ఆనించుకుంది.

"గేటు మూసినా మా ముసిలోడు రోజూ దీపం సూపేవోడు. ఆ డ్రైవరు రెండు కూతలేసీవోడు. ఈయన పోయిన వారానికి ఆ బండొచ్చింది. రెండు కూతలేసినాడు. దీపం నేదు. మళ్లా ఏసినాడు... మళ్లా ఏసినాడు... ఆ కూత ఇని ఇంట్లో ఉండనేకపోనాను బావూ. కోటు తొడుక్కుని ఒచ్చీసినాను."

"పోయాడని చెప్పొచ్చు కదమ్మా?"

"సెప్తే మరి కూతెయ్యడు కదా."

చిరంజీవి ఫోన్ బయటికి తీశాడు. ఫోటో తియ్యాలన్నాడు. ఆమె టోపీ కిందికి దించుకుంది. ముంజేతి మీద పచ్చబొట్టు కనబడకుండా కోటు చేతిని కిందికి లాక్కుంది. ఫోటోలో ఖాకీ చెయ్యి, పచ్చదీపం, పూలు మాత్రమే పడ్డాయి.

పట్టాలు వణికాయి. ఇంజను వెలుతురు వచ్చి మీద పడింది. అసిరమ్మ ఒక చేత్తో దీపం, ఒక చేత్తో పూలు ఎత్తి నిటారుగా నిలబడింది.

రెండు కూతలు. తర్వాత ఒకే కూత — గేటు దాటి, పల్లె దాటి, అర్పా నది వైపు పోయి పోయి ఆగింది.

అసిరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. రేపట్నుంచి ఆ కూత రాదు. ఆమె దీపం ఆర్పి, పూలు పట్టుకుని ఇంటి వైపు నడిచింది.

స్కూటీ దగ్గర ఫోన్ మోగింది. జ్యోతిర్మయి.

"ఏంట్రా ఈ ఫోటో? మొహమేదీ? ఎవరు తీసుకున్నారు?"

చిరంజీవి ఒక్క క్షణం ఆలోచించాడు. ఈ అక్క నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దుటికల్లా క్వార్టర్లన్నిటికీ తెలుస్తుంది. అక్కణ్ణించి రాంప్రసాద్ చెవిన పడ్డానికి ఎంతసేపు?

"ఆర్డర్లో ఎవరి పేరుందో ఆయనే తీసుకున్నాడక్కా," అన్నాడు మెల్లగా.

అవతల ఫోన్ టక్కున కట్టయింది.

ముందు ముగ్గురి సంగతి నాకు తెలీదు గానీ, నాలుగో జ్వరం మాత్రం నిజం. అది జ్యోతిర్మయికి వచ్చింది.