టర్బో చల్లారేదాకా

శవం రోడ్డు వంపులో, కల్వర్టు గోడకు ఆనుకుని పడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు. మోకాలు కలుక్కుమంది. వారంగా సరైన నిద్ర లేదు. ఇప్పుడిది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"ఇటుకబట్టీ వాచ్‌మన్ సార్," అన్నాడు కానిస్టేబుల్. "డ్యూటీ దిగి ఇంటికి నడిచెళ్తున్నాడు. గుద్దేసి పోయారు."

ముసలాయన. ఒక చెప్పు కాలికే ఉంది. రాత్రంతా మెలకువగా ఉన్నవాడు ఇంటికెళ్లి పడుకుందామనుకుని ఉంటాడు.

రోడ్డు మీద హెడ్‌లైట్ గాజు పెంకులు. ఎత్తు మీంచి దిగే వైపు పొడవాటి నల్లటి టైరు మరకలు.

"బ్రేకు తొక్కాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కావాలని గుద్దలేదు. ఆపలేకపోయాడు."

మధ్యాహ్నానికి బండి దొరికింది. ఎత్తు కింద కాలనీలో ఒక ఇంటి ఆవరణలో డీజిల్ పికప్. ఎడమ హెడ్‌లైట్ లేదు. వెనక నిన్నటి సిమెంటు లోడు ఇంకా దించలేదు. ఓనర్‌ని లాకప్‌లో వేశారు. వేయించింది పరోక్షంగా అతని భార్యే, పాపం.

"బండి ఎప్పుడొచ్చింది?" అంతకుముందు ఆమెని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"పొద్దున ఐదున్నరకి సార్. అప్పుడే పాలు పొయ్యి మీద పెట్టాను."

"ఎవరు తోలుకొచ్చారో చూశారా?"

"లేదు. చప్పుడు విన్నాను. ఆయనే అనుకున్నా."

"తర్వాత?"

"పాలు పొంగాయి, దించాను. అప్పటికిగానీ ఇంజన్ ఆగలేదు. లోపలికైతే ఎవరూ రాలేదు సార్."

ఓనర్ లాకప్ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"నేను బండి తియ్యలేదు సార్. లోడు ఎప్పుడు దించాలో అడగడానికి, గోడౌన్ తెరవకముందే గేటు దగ్గరుందామని నడిచే వెళ్లాను."

"ఎవరైనా చూశారా?"

"కుక్కలు చూశాయి సార్."

బండి తాళాలు మూడు. ఒకటి ఓనర్ దగ్గర. ఒకటి కిరాయి డ్రైవర్ పొట్టోడి దగ్గర. ఇంకోటి ఓనర్ బామ్మర్ది దగ్గర. అతను మెకానిక్. అందరూ టర్బో అని పిలుస్తారు.

పొట్టోడికి వాచ్‌మన్‌తో ఈమధ్యే గొడవైంది. బట్టీ గేటు దగ్గర రివర్స్ తీస్తూ గోడకి తగిలించాడట.

"నీ అంతు చూస్తానన్నావట?"

"మాటవరసకి అంటాం సార్. అందరి అంతూ చూస్తూ కూర్చుంటే బండెవరు తోలతారు?"

"పొద్దున ఎక్కడున్నావ్?"

"మంచం మీద. నేను లేచేసరికి ఎండొస్తుంది. మా ఆవిణ్ణి అడగండి, తిడుతూ మరీ చెప్తుంది."

టర్బో తన షెడ్డులోనే దొరికాడు. గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. కళ్లు వాచి ఉన్నాయి. బావ లాకప్‌లో ఉంటే వాయవూ మరి!

"ఆ బండికి ఏం చేశావ్?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

అంతే. కుర్రాడి మొహం వెలిగింది.

"లోడుతో ఎత్తు ఎక్కలేక చచ్చేది సార్. కొత్తది కొనే స్తోమత బావకి లేదు. నేను చూస్తాలే అన్నా. తుక్కు షాపులో మంచి టర్బో దొరికింది. ఇంజన్‌లోకి గాలి గట్టిగా కొడుతుంది. ఆ గాలిని చల్లబరచడానికి పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టా. సైలెన్సర్ గొట్టం లావుది వేశా. డీజిల్ ఇంకాస్త పొయ్యడానికి ఓ ట్యూనింగ్ బాక్స్."

"ఫలితం?"

"ఎగబాకుతుంది సార్!"

"అంత బలం ఎక్కించాక ఇంజన్‌కి ఏం కాదా?"

"చూసుకుని తోలాలి. ఎత్తెక్కి వచ్చాక వెంటనే ఆపకూడదు. టర్బో ఎర్రగా కాలిపోయుంటుంది. కాసేపు ఊరికే తిరగనిచ్చి అప్పుడు ఆపాలి. లేదంటే లోపల ఆయిల్ మాడిపోతుంది. చెప్తే బావ వింటేగా! పొట్టోడు అంతకంటే ఘనుడు."

"పొద్దున?"

"ఇక్కడే పడుకున్నా సార్." మొహంలో వెలుగు ఆరిపోయింది.

సాయంత్రం నాలుగింటికి, లాకప్‌లో ఉన్న ఓనర్‌తో సహా అందరినీ ఆవరణలోకి పిలిపించాడు ఇన్‌స్పెక్టర్. ఓనర్ భార్య వంటింటి గుమ్మంలో నిలబడింది.

"బండి కండిషన్ చూడాలి. ఒక్కొక్కరూ నిదానంగా ఎత్తు దాకా వెళ్లొచ్చి, ఇక్కడే పెట్టండి. కానిస్టేబుల్ పక్కన కూర్చుంటాడు."

కానిస్టేబుల్ పెదవి విరిచాడు. నిద్రలేక సార్‌కి మతి పోయిందనుకున్నాడు.

ముందు పొట్టోడు. వచ్చాడు, చక్రాలు పూర్తిగా ఆగకముందే తాళం తిప్పాడు, దూకేశాడు.

తర్వాత ఓనర్. వచ్చాడు, తాళం తిప్పేశాడు, స్టీరింగ్ మీద తల వాల్చాడు.

చివరికి టర్బో. బండి ఆగింది. ఇంజన్ ఆగలేదు. అతను సీట్లోనే కూర్చుని, తల కాస్త వంచి ఆ చప్పుడు వింటున్నాడు.

గుమ్మంలో అక్క చెయ్యి తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆపరా," అంది. "ఆపెయ్ రా."

"ఉండక్కా, ఇంకా వేడిగా..."

అంతలో తనేమంటున్నాడో తెలిసింది. గబుక్కున తాళం తిప్పేశాడు.

ఇన్‌స్పెక్టర్ అక్కడున్న అరుగు మీద కూలబడ్డాడు. అతనికి గెలిచినట్టు లేదు.

"పాలు పొంగేదాకా ఇంజన్ ఆగలేదని మీ అక్క మధ్యాహ్నమే చెప్పింది. మేం బండి వచ్చిన టైమొక్కటే పట్టుకున్నాం. ఆగిన తీరు వదిలేశాం. మనిషిని గుద్దినవాడు తాళం తిప్పి పారిపోవాలి. వీళ్లిద్దరైతే అదే చేసేవాళ్లు. నువ్వు వణుకుతూ కూడా టర్బో చల్లారేదాకా కూర్చున్నావ్."

కుర్రాడు దిగాడు.

"లోడుతో ఎలా లాగుతుందో చూద్దామని తీశాను సార్. ఎక్కడం బ్రహ్మాండంగా ఎక్కింది. దిగేటప్పుడు... తొక్కాను. రెండు కాళ్లతో తొక్కాను. ఆగలేదు."

"అప్పటికి ఆయన బతికున్నాడా?"

"దిగి చూళ్లేదు సార్."

"ఇంజన్ పాడవుతుందని ఆగావ్. మనిషి కోసం ఆగలేదా?" ఇన్‌స్పెక్టర్ గొంతు మొదటిసారి లేచింది. "మీ బావని లాక్కెళ్తుంటే నోరు ఎక్కడ పెట్టుకున్నావ్?"

"బావకి బెయిలొచ్చేస్తుందనుకున్నా. ఇంకాసేపటికి చెప్దాం, ఇంకాసేపటికి చెప్దాం అనుకున్నా."

అక్క గుమ్మంలోనే చతికిలబడింది. నిజం చెప్పి మొగుణ్ణి లాకప్‌కి పంపింది. అదే నిజం ఇప్పుడు, తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముణ్ణి పట్టిచ్చింది. ఎటు చూసినా ఆమెకు మిగిలింది ఏడుపే.

కానిస్టేబుల్ బేడీలు తీశాడు. అప్పుడు ఓనర్ అడ్డం వచ్చాడు.

"సార్, 'బ్రేకులు కూడా పెద్దవి వేద్దాం బావా, బలం పెరిగితే అవీ పెరగాలి' అని వీడు మొత్తుకున్నాడు. 'ఎక్కడానికే మనకి కష్టం, దిగడానికేం, అదే దిగుతుందిలే' అన్నది నేను. నన్నూ రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ అరుగు మీంచి లేచాడు.

"దానికి నా దగ్గర సెక్షన్ లేదయ్యా. ఆ వాచ్‌మన్ భార్య పొద్దుట్నుంచి స్టేషన్ బయట కూర్చుంది. తన మనిషి ఎలా పోయాడో చెప్పమంటోంది. నువ్వొచ్చి చెప్పు."

ఓనర్ తన భార్య వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. అతను చెప్పులు వేసుకోకుండానే జీపెక్కాడు.