మాస్తమ్మను ఎవరన్నా అడిగినారా?

సోమవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలు.

రాయి లేదు. రాయి ఉండిన తావులో గుంత ఉంది. లోపల తడి మట్టి. రెండు వానపాములు.

ఎస్.ఐ. అముద గుంత అంచున కూర్చుని చూసింది. ఆమెకు ఏమీ అనిపించలేదు. ఈ మధ్య శవం చూసినా అంతే, పోయిన బైకు కేసు చూసినా అంతే. చూడాల్సింది చూస్తుంది. రాయాల్సింది రాస్తుంది.

అంచెట్టి దాటినాక అడవి అంచున ఉన్న చిన్న ఊరు అది. ఊరి చివర చేని గట్టు మీద ఆ రాయి ఎప్పటినుంచి ఉందో ఎవరికీ తెలియదు. మోకాలి కంటే కొంచెం ఎత్తు. రాతిలో కత్తి పట్టిన ఒక మగవాడు. పక్కన ఒక ఆడమనిషి. ఆమె కుడిచెయ్యి పైకెత్తి ఉంటుంది. ఊరివాళ్ళు ఆమెను మాస్తమ్మ అంటారు. పెళ్ళయి వచ్చిన ప్రతి కోడలూ కొత్త గాజులు పసుపుదారానికి గుచ్చి ఆ రాతికి కడుతుంది.

"ఎప్పుడు చూసినారప్పా?"

"ఆవుల్ని తోలుకొని పోయేటప్పుడమ్మా. ఆరున్నర ఉంటాది." అన్నాడు ఊరి పెద్ద మునివెంకటప్ప. ఫిర్యాదు ఇచ్చిందీ ఆయనే.

"ఎవరి మీదన్నా అనుమానమా?"

"అనుమానమేంది, వాడే! హోసూరు పిల్లోడు, దర్శన్ అంట. నిన్న వచ్చినాడు. రాతికి నీళ్ళు పోసి తుడిచినాడు. నాలుగు పక్కలా ఫోటోలు తీసినాడు. టేపు పెట్టి కొలిచినాడు కూడా. దొంగ కాకుంటే కొలత ఎందుకమ్మా?"

హెడ్ కానిస్టేబుల్ మురుగన్ రోడ్డు పక్కనంతా వెతికి వచ్చాడు. టైర్ గుర్తులు లేవు. ఊరి వైపు దోవలో ఉన్నవన్నీ ఆవుల గిట్టల గుర్తులు.

గుంత పక్కన ఒక మోదుగాకు. ఆకు మీద గాజుల కుప్ప. ఎర్రవి, పచ్చవి, వెలిసిపోయినవి. పసుపుదారాలు వేరేగా చుట్టి పెట్టి ఉన్నాయి.

"గాజులు దొంగకి ఎందుకు మేడమ్? పారేసి పోయినాడు," అన్నాడు మురుగన్.

అముద ఒక దారం చేతిలోకి తీసుకుంది. రెండు కొసలూ చూసింది. ఫోటో తీసింది.

"టీ అయినా దొరకదా ఈ ఊర్లో?" మురుగన్ మునివెంకటప్పను అడిగాడు.

"నిప్పే లేదు సామీ. మాస్తమ్మ తావు తప్పితే ఊర్లో పొయ్యి అంటించరాదు. దొరికి, పసుపునీళ్ళు పోసినాకే నిప్పు. పిల్లోళ్ళకి కూడా అంగట్లో బన్ను కొనిచ్చినాము."

"మాకు బన్ను కూడా లేదప్పా," అన్నాడు మురుగన్.

రాతికి దగ్గరగా ఉండే ఇల్లు మారెమ్మది. ప్రతి శుక్రవారం మాస్తమ్మకు దీపం పెట్టేది ఆమే. యాభై దాటిన మనిషి. గట్టి చేతులు. వాకిట్లో రెండెద్దులు, ఒక మూల రాగి గడ్డి కుప్ప.

గోడకు ఆనుకుని ఆమె కోడలు నేత్ర కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను. చేతులు బోసిగా ఉన్నాయి. భర్త మోహన్‌రాజ్ పోయిన నెల షిఫ్ట్ అయి బైకు మీద వస్తూ హైవేలో చనిపోయాడు. మారెమ్మకు వాడొక్కడే కొడుకు.

"రాత్రి ఏమన్నా సద్దు వినపడిందా అమ్మా?"

"లేదమ్మా."

"కుక్కలు?"

"అవి రోజూ అరుస్తాయి. ఏనుగొచ్చినా అరుస్తాయి, ఎవరూ రాకున్నా అరుస్తాయి."

అముద నేత్ర వైపు తిరిగింది. "నువ్వేమన్నా చూసినావా?"

"లేదు."

బస్సులో స్టాపు పేరు చెప్పినట్టుగా చెప్పింది. గొంతులో ఏమీ లేదు.

అముద ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్. ఆమె రోడ్డు మీదికి నడిచింది.

"ఆ హోసూరు అబ్బాయిని రూములోనే పట్టుకున్నారు. సాయంత్రం ఐదులోపు రాయి దొరికితే సరే. దొరక్కుంటే రిమాండ్. ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చేట్టు ఉంది."

"సరే సార్."

ఆమె తిరిగి వచ్చేసరికి మురుగన్ తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాడు.

"ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది మేడమ్. మారెమ్మ కోడలికి పెడుతూ నాకూ పెట్టింది. రెండు ముద్దల సంగటి, ఉలవచారు."

"జీప్ ఎక్కన్నా," అంది అముద.

*

ఉదయం పదిన్నర. స్టేషన్‌లో దర్శన్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు. మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. హిస్టరీలో డిగ్రీ. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి.

"రాయి యాడ?"

"నాకు తెలీదు మేడమ్."

"ఎందుకు కొలిచినావు?"

"రాళ్ళ గురించి రాసేవాళ్ళు కొలతలు కూడా రాస్తారు. అట్లనే రాద్దామని."

"నీకెందుకు ఈ పని?"

దర్శన్ కిందికి చూశాడు. "మా రూముల దగ్గర మొదలయింది మేడమ్. షిఫ్ట్ అయినాక కూర్చుని మాట్లాడుకుంటాం. ఒక దినం ఒకడు అడిగినాడు, కొండమీద కోటలో రాజులు పొద్దన్నే చెంబు తీసుకొని యాడికి పోతా ఉండిరి అని. అందరూ నవ్వినారు. జవాబు ఎవరికీ తెలీదు. వెతికి చెప్పినాను. ఇంకొకడు ఇంకొకటి అడిగినాడు. యుద్ధంలో ఏనుగు చచ్చిపోతే ఎవరు ఎత్తేస్తారు? గడియారం లేనప్పుడు ముహూర్తానికి లేట్ అయితే ఎట్ల? అప్పుడు ఫోన్లో గ్రూపు పెట్టినాను. ఇప్పుడు బయటి ఊర్లవాళ్ళు కూడా అడుగుతారు."

"మిరపకాయ పరంగివాళ్ళు తెచ్చినారంట, నిజమా?" మురుగన్ మధ్యలో దూరాడు.

"నిజమే సార్, పోర్చుగీసువాళ్ళు. అంతకుముందు కారానికి మిరియాలే."

"అయితే మా ముత్తాతలు మిరపకాయ బజ్జీ తినకుండానే చచ్చిపోయినారా?"

"అవును సార్."

"పాపం."

అముద మురుగన్‌ను చూసింది. అతను గోడ వైపు తిరిగాడు.

"నిన్న ఆ ఊరికే ఎందుకు పోయినావు?"

"ఎవరో ఒకామె గ్రూపులో ఆ రాయి గురించి అడుగుతా ఉండింది. వాయిస్ మెసేజ్‌లు. పేరు లేదు. రాయి చూడకుండా ఏం చెప్తామని పోయినాను."

"ఆ తావు ఇంకెవరికన్నా చెప్పినావా?"

దర్శన్ మురుగన్ వైపు చూశాడు.

"చెప్పప్పా."

"కృష్ణగిరి శ్రీరంగయ్య సారు అడిగినాడు. పాత సామాన్ల అంగడి. లొకేషన్ పంపించినాను." లేచి నిలబడ్డాడు. "మేడమ్, మా సూపర్‌వైజర్ ఫోన్ చేసినాడు. రిమాండ్ అయితే గేట్ పాస్ ఇచ్చేసి పొమ్మన్నాడు. మా అమ్మకి ఇంకా తెలీదు. ఐదింటికి నిజంగానే పంపుతారా?"

"రాయి దొరక్కుంటే పంపుతారు."

అముద అబద్ధం చెప్పలేదు. చెప్పేంత ఓపిక కూడా లేదు.

*

మధ్యాహ్నం పన్నెండు ముప్పావు. కృష్ణగిరి, పాతపేట.

శ్రీరంగయ్య అంగట్లో కొయ్య స్తంభాలు, ఇత్తడి అండాలు, విరిగిన ఊయల బల్లలు. ఆయన గల్లా వెనక నుంచి లేవలేదు.

"మాస్తికల్లా! నాకెందుకు తల్లీ?"

"లొకేషన్ అడిగినారు గదా."

"పులితో పోట్లాడే మగవాడి రాయేమో అనుకొని అడిగితిని. అట్లాంటివి రిసార్టువాళ్ళు గేటు దగ్గరికి కావాలంటారు. నేను ఇవ్వననుకోండి."

"ఇవ్వరు."

"ఇవ్వను. తర్వాత ఆ పిల్లోడు ఫోటో పంపినాడు. చూస్తే మగవాడి పక్కన చెయ్యెత్తిన ఆడమనిషి! వద్దు సామీ అని ఫోన్ పక్కన పెట్టేసినాను. మొగుడు చస్తే మంటలోకి పోయిన ఆడమనిషి రాయి అది. ఎవరు కొంటారు? ఊరకే ఇచ్చినా ఇంట్లోకి రానీరు."

"రాత్రి యాడ ఉండినారు?"

"మనవరాలు మేఘ పుట్టినరోజు. ఇంటినిండా కెమెరాలే. చూసుకో తల్లీ."

అముద చూసింది. కేకు. బెలూన్లు. తర్వాత తెల్లారేదాకా వరండాలో మంచం మీద శ్రీరంగయ్య. గేటు దగ్గర వ్యాను కదల్లేదు.

బయటికి వచ్చి జీప్‌లో కూర్చుంది. అమ్ముడుపోని రాయి. అమ్మడానికి కాకుంటే ఎవరికి కావాలి?

దర్శన్ ఫోన్ ఆమె దగ్గరే ఉంది. గ్రూపు తెరిచింది. పేరు లేని ఆ నంబరు మెసేజ్‌లు వరసగా వినింది.

"అన్నా, ఆ రాతిలో ఆమె ఎవరు?"

"ఆమెకి వయసెంత ఉంటాది?"

"పిల్లోళ్ళు ఉండిరా?"

"మంటలోకి పొమ్మనేటప్పుడు, పోతావా అని ఆమెను ఎవరన్నా అడిగినారా?"

"ఎవరన్నా చెయ్యి పట్టుకొని ఆపినారా?"

చివరి ప్రశ్నకు దర్శన్ జవాబు ఉంది. "దానికి చరిత్రలో జవాబు లేదు సిస్టర్."

అముద ఇంకోసారి వినింది. వెనకాల ఎద్దుల మెడగంటలు. బస్సులో స్టాపు పేరు చెప్పే గొంతు.

"అన్నా, పొద్దన మారెమ్మ నీకేం పెట్టింది?"

"సంగటి మేడమ్. చెప్పినాను గదా."

"రాత్రి మిగిలిందా?"

"అయ్యో, వేడి వేడిది. చెయ్యి కాలింది."

"ఊర్లో ఎవరూ పొయ్యి అంటించలేదు."

మురుగన్ జీప్ వేగం తగ్గించాడు.

"సాక్ష్యాన్ని తిని చెయ్యి కడుక్కున్నావన్నా," అంది అముద. "స్టేషన్‌కి పోనీ. ఆ పిల్లోడిని ఎక్కించుకొని ఊరికి పోదాం."

*

సాయంత్రం నాలుగు పది. మారెమ్మ వాకిలి. మునివెంకటప్ప, ఊరివాళ్ళు కొందరు. నేత్ర అదే గోడకు ఆనుకుని ఉంది. జీప్ పక్కన దర్శన్. అతన్ని చూడగానే ఎవరో తిట్టారు.

"అరవొద్దు. వినండి," అంది అముద. "ఈ రాయి అమ్మేదానికి ఎవరూ తీయలేదు. దీన్ని కొనేవాళ్ళు లేరు. రోడ్డు మీదికి బండి రాలేదు. రాయి ఊరి వైపే వచ్చింది."

"గుర్తులు లేవు గదమ్మా?" అన్నాడు మునివెంకటప్ప.

"ఉన్నా మిగలవు. ఆ దోవలో పొద్దన్నే ఊరావులన్నీ తోలినారు. ఇంక గాజులు. దొంగకి తొందర ఉంటాది. దారం కోస్తాడు, లేదంటే తెంచుతాడు. ఈ దారాలు తెగలేదు. ముళ్ళు విప్పినారు. ఒక్కొక్కటే. ఒక్క గాజు కూడా పగల్లేదు."

అముద మారెమ్మ ఇంటి వైపు తిరిగింది.

"మాస్తమ్మ తావు తప్పిందని ఊరంతా పస్తు ఉంది. ఒక్క ఇంట్లో పొయ్యి మండింది. దేవతంటే భయం లేని ఇల్లా? కాదు. శుక్రవారం దీపం పెట్టే ఇల్లు. ఆ ఇంటి మనిషికి మాస్తమ్మ యాడ ఉందో తెలుసు. అందుకే నిప్పు అంటించే ధైర్యం వచ్చింది."

"కోడలు తినలేదని అంటించింది లేమ్మా," అన్నాడు మునివెంకటప్ప. కానీ ఆయన కళ్ళు మారెమ్మ మీద ఉన్నాయి.

అముద మారెమ్మకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అమ్మా, ఐదింటికి ఈ పిల్లోడిని జైలుకి పంపాల. పంపితే పని పోతాది."

మారెమ్మ దర్శన్‌ను చూసింది. చాలాసేపు చూసింది.

"నీకి అమ్మ ఉందా అప్పా?"

"ఉంది."

మారెమ్మ లేచింది. మూలనున్న గడ్డి కుప్పను రెండు చేతులా లాగేసింది. కింద బండ. బండ కింద పాతర. ఒకప్పుడు రాగులు దాచుకున్న గుంత. రేషన్ బియ్యం వచ్చినాక దాన్ని ఎవరూ తెరవలేదు.

లోపల గడ్డి పరుపు మీద రాయి వెల్లకిలా ఉంది. పైన కొత్త చీర కప్పి ఉంది.

"ఎట్ల తెచ్చినావు?"

"గడ్డపారతో కదిలించినాను. చేను చదును చేసే పలక మీదికి దొర్లించినాను. ఎద్దులు లాగినాయి."

"ఎందుకమ్మా?"

మారెమ్మ కోడలి వైపు చూడకుండా చెప్పింది. "పొద్దు వాలితే పోయి ఆ రాతి ముందర కూర్చుంటాది. ఫోన్లో అడుగుతా ఉంటాది. వయసెంత అని. చెయ్యి పట్టుకొని ఆపినారా అని. నేను వినినాను. కొడుకు పోయినాడు. ఇదీ ఆయమ్మ దోవన పోతే నేనేం చేసేది? రాయి కనపడకుంటే మరిచిపోతాది అనుకొంటి."

"ఊరినే మోసం చేసినావు గదా మారెమ్మా!" అన్నాడు మునివెంకటప్ప.

"చేసినాను అన్నా. ఊరంతా చేరి దీని గాజులు పగలగొట్టిన దినం, చెయ్యి కదలకుండా పట్టుకొనింది నేనే. అది చేసిన చేతులకి ఇది ఎక్కువ కాదు."

మునివెంకటప్ప తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు.

అముద ఫోన్ తీసింది. "సార్, రాయి దొరికింది. ఊరు దాటలేదు. పూజ చేసే ఆమే తావు మార్చింది. తప్పుగా అనుకొని ఫిర్యాదు ఇచ్చినామని ఊరివాళ్ళు రాసిస్తారు." మునివెంకటప్పను చూసింది. ఆయన తల ఊపాడు. "అవును సార్. పిల్లోడిని వదిలేస్తున్నాను."

ఆమె దర్శన్ ఫోన్ అతని చేతిలో పెట్టింది. అతను అమ్మ నంబరు తీశాడు. ఏం చెప్పాలో తెలియక ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు నేత్ర మాట్లాడింది.

"నేను చావాలని అడగలేదత్తా."

మారెమ్మ తిరిగింది.

"ఆయన పోయినాక అన్నీ చేసినారు. బొట్టు తుడిచినారు. గాజులు తీసినారు. మూల కూర్చోమనినారు, కూర్చున్నాను. నాకి ఏడుపు కూడా రాలేదు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "ఆయమ్మనన్నా ఎవరన్నా అడిగినారా, తెలుసుకోవాలనిపించింది. అంతే."

మురుగన్ జీప్ స్టార్ట్ చేయలేదు.

మారెమ్మ పోయి కోడలి పక్కన చతికిలబడింది. చేతులకు అంటిన గడ్డి కూడా దులుపుకోలేదు.

"నీకి ఏం కావాల అమ్మీ?"

నేత్ర ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"తెలీదు," అంది. "రేపు మళ్ళా అడుగు."